పద్నాలుగు ఊపిరిబుడ్లు

కుంకుమవాడ బాలవాడిలో రోజూ మొదటి పాఠం గరిటెతో మొదలవుతుంది.

“గరిటె?” అంటుంది పైడితల్లి టీచరు.

“పొడుగు!”

“చెంచా?”

“పొట్టి!”

పద్నాలుగు గొంతులు ఒక్కసారి అరిస్తే ఆ గుహగదిలో చెవులు గింగురుమంటాయి. ఆ తర్వాత తపేలా వెడల్పు, చెంబు ఇరుకు. దుప్పటి మందం, చీర పలచన. ఇటుక బరువు, దిండు తేలిక. పిల్లలు రెండు చేతుల్లో రెండు వస్తువులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అటూ ఇటూ ఊగి ఠకీమని చెప్పేస్తారు. తప్పు చెప్పేవాళ్ళు లేరు. అందరికీ మోచేతుల దాకా పసుప్పచ్చ తొడుగులు ఉంటాయి మరి.

చివరి పాఠంలో మాత్రం అరుపులుండవు. గోడకి ఉన్న అరమీద వరసగా ఊపిరిబుడ్లు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో మాస్కు వేలాడుతూ ఉంటుంది. టీచరు దీపాలు ఆర్పేస్తుంది. ఒక్కో పిల్లా చీకట్లో తడుముకుంటూ వెళ్ళి, రెండు బుడ్లు ఎత్తి చూసి, బరువుది ఉంచుకుని తేలికది వదిలెయ్యాలి. బరువుదాంట్లో ప్రాణవాయువు ఉంటుంది. తేలికది ఖాళీ. నాలుగేళ్ల పిల్లకి ఇంతకు మించిన చదువు ఆ ఊళ్ళో ఇంకోటి లేదు.

అబ్బే, బరువూ తేలికా కూడా ఒక చదువేనా, అది ఎవరికైనా తల్లి ఒళ్ళోనే వచ్చేస్తుంది కదా అనేవాళ్ళు భూమ్మీద ఉంటారు. వాళ్ళ కాళ్ళ కింద భూమి ఉంది కాబట్టి అలా మాట్లాడగలరు. కుంకుమవాడ ఉన్నది అంగారకుడి మీద, ఎప్పుడో లావా పారిపోయి మిగిల్చిన సొరంగంలో. మంచు తవ్వడానికి అరవై ఏళ్ల కిందట వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడే పిల్లల్ని కని, మనవల్ని ఎత్తి, ఆరువందల మంది అయ్యారు. అక్కడ ఏ వస్తువైనా భూమ్మీద తూగే బరువులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ తూగుతుందంతే. గిన్నెలూ చెప్పులూ బొమ్మలూ అన్నీ ఒకే ముద్రణయంత్రం అచ్చు వేస్తుంది. ఏ రెండూ వేరుగా ఉండవు. అలాంటి చోట పుట్టిన పిల్లలకి ఏది పెద్దదో ఏది చిన్నదో చేతికి తెలియడం మానేసింది. డాక్టర్లు దానికి మానశూన్యత అని పేరు పెట్టారు. నిండు చెంబునీ ఖాళీ చెంబునీ ఒకేలా ఎత్తి మీద పోసుకునే పిల్లల్ని చూసి ఊరంతా నవ్వుకునేది. ఎనిమిదేళ్ల కిందట ఆ నవ్వు ఆగిపోయింది.

అప్పుడు రెండో సొరంగానికి పగులు వచ్చి గాలి పోయింది, కరెంటూ పోయింది. ముగ్గురు పిల్లలు ఖాళీ బుడ్లు తగిలించుకుని కూర్చున్నారు. వాడేసిన బుడ్డిని గిడ్డంగికి పంపకుండా మళ్ళీ అరమీదే పెట్టేసే బద్ధకం మనిషికి ఏ గ్రహం వెళ్ళినా పోలేదు. బుడ్డికి ముల్లు ఉంటుంది గానీ, ముల్లు చదవడం ఆ వయసుకి రాదు, చీకట్లో పెద్దవాళ్ళకీ రాదు. ఆ ముగ్గురిలో ఒకడి పేరు ప్రణీత్, నాలుగున్నరేళ్ళు. వాడి చేతికి నిండుదీ ఖాళీదీ రెండూ అందాయి. తేలిగ్గా ఉన్నది తీసుకున్నాడు. ఏది నిండుదో చేతికి తెలిసి ఉండదు పాపం.

ప్రణీత్ తల్లి పేరు కౌముది. నాడీశాస్త్రంలో డాక్టరు. పసుప్పచ్చ తొడుగులు ఆవిడ చేసినవే.

వాటికి ఆరేళ్ళు పట్టింది. తొడుగు లోపల వెంట్రుకంత సన్నటి తీగెలు నాలుగు వేలు ఉంటాయి. చేతిలోకి వచ్చిన వస్తువు బరువూ పొడుగూ మందమూ అవి కొలుస్తాయి. రెండు చేతుల్లోనూ వస్తువులుంటే వాటి మధ్య తేడాని పట్టుకుని, పెంచి, నరాలకి అందిస్తాయి. శాస్త్రవేత్తలు దీన్ని హాప్టిక్ ఆంప్లిఫికేషన్ అంటారు, కౌముది స్పర్శవర్ధనం అంది, పిల్లలు గిలి అంటారు. తేడా కిలో ఉన్నా గ్రామున్నా గిలి మాత్రం ఒక్కలాగే పుడుతుంది. అది కౌముది కావాలని పెట్టిన ఏర్పాటు. చిన్న తేడాయే కదా అని పిల్ల వదిలెయ్యకూడదు. వదిలేస్తే ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చెవి వెనక బఠాణీ గింజంత స్పీకరు ఉంటుంది. అందులో బాలవాడి యంత్రం మాట్లాడుతుంది. దానికి తూనికమ్మ అని పేరు పెట్టింది పిల్లలే. “ఏది బరువు? ఏది తేలిక?” అని అడుగుతుంది. సరిగ్గా చెబితే “భేష్! ఇంకోటి చూద్దామా?” అంటుంది. విసుగూ అలుపూ లేని టీచరు. మొదట్లో తొడుగులు బడిలో రెండు గంటలే ఉండేవి. తర్వాత తల్లిదండ్రులే వచ్చి, ఇంట్లో కూడా ఉంచండి, మా వాడు వెనకబడిపోతున్నాడు అని వెంటపడ్డారు. రెండేళ్లు గడిచేసరికి స్నానానికీ నిద్రకీ తప్ప ఎవరూ తియ్యడం లేదు.

కౌముది కూతురు ఊర్మికి అయిదేళ్ళు. ప్రణీత్ పోయిన మూడేళ్లకి పుట్టింది. తండ్రి ఉత్తరాన మంచు గనిలో ఉంటాడు, ఆరు నెలలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది కౌముదీ, అత్తగారు అచ్చియ్యమ్మా, ఊర్మీ. మనవరాలి చేతికి తొడుగు తొడిగిన రోజు అచ్చియ్యమ్మ పెద్ద గోలే చేసింది. “ఒలమ్మ, పిల్లని కొలవకే! దిట్టి తగుల్తాది!” అని, నిప్పు రాజెయ్యడానికి ఇళ్ళల్లో వీల్లేక, దిష్టి తీసిన ఉప్పంతా నీళ్ళలో కలిపి పారబోసింది.

ఆ రోజు పొద్దున కౌముది అట్లు పోస్తోంది. ఊర్మి తన అట్టుని ఒక చేత్తో, నానమ్మ అట్టుని ఇంకో చేత్తో ఎత్తింది.

“నానమ్మా, నీది బరువు.”

“అయితే నాదే తినెయ్యమ్మా, గొడవొదిలిపోద్ది,” అని అచ్చియ్యమ్మ తన కంచం ఇచ్చేసింది.

ఊర్మి ఇప్పుడు దాన్ని తల్లి అట్టుతో పోల్చింది. తల్లిది బరువు. తల్లిది తీసుకుంది. ఈలోపు పెనం మీంచి ఇంకోటి వచ్చింది. దాన్నీ ఎత్తి చూసింది. అట్లు చల్లారిపోయాయి. పిల్ల ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. ఈమధ్య ఊర్మి చిక్కిపోతోందని కౌముది గమనిస్తూనే ఉంది. ఎందుకో ఇవాళ తెలిసింది.

“ఏదో ఒకటి తిను తల్లీ. అన్నీ ఒకటే.”

“ఒకటే ఎందుకవుతాయమ్మా?” అంది ఊర్మి, అమాయకంగా. తర్వాత గోడమీద అన్న ఫోటో వైపు చూసింది. “అమ్మా, నీకు నేనంటే ఎక్కువా, అన్నంటే ఎక్కువా?”

కౌముది చేతిలో అట్లకాడ ఆగిపోయింది. “ఇద్దరూ సమానమే.”

“సమానం అనేది లేదంట. సరిగ్గా చూస్తే ఏదో ఒకటి ఎక్కువే ఉంటుందంట. తూనికమ్మ చెప్పింది.”

ఆ మాట కౌముది ఏ పాఠంలోనూ పెట్టలేదు. పిల్లని బడికి పంపేసి, తలుపేసుకుని యంత్రాన్ని పిలిచింది.

“తూనికమ్మా, పిల్లలకి సమానం అన్న మాట నేర్పావా?”

“నేర్పాను డాక్టరుగారూ. మొదటి వారమే నేర్పాను. మళ్ళీ అవసరం రాలేదు.”

“అంటే?”

“ఇప్పటిదాకా ఎనభై నాలుగు లక్షల పోలికలు చేయించాను. అచ్చంగా సమానమైన జత ఒక్కటీ తగల్లేదు. ఎక్కడో ఒకచోట గ్రాములో పదో వంతో, వెంట్రుకవాసో తేడా ఉంటూనే ఉంది. ఎంత చిన్న తేడానైనా వదలొద్దని మీరే కదా చెప్పారు?”

అది చెప్పింది అబద్ధం కాదు. అలా చెప్పింది కౌముదే. కొంత తేడాని తేడాగా లెక్కపెట్టకూడదని నేర్పాలి. అట్టుకి ఎంత, బుడ్డికి ఎంత, మనిషికి ఎంత? ఇవాళ కూర్చుని రాసినా రేపటికి గానీ తెమలదు. అందాకా తొడుగులు తీయించెయ్యడం మంచిదనుకుని, చెప్పులేసుకుని బాలవాడికి గబగబా నడిచింది.

బాలవాడికి బరువైన ఉక్కు తలుపు ఒకటి, దాని పక్కన మందపాటి గాజు కిటికీ ఒకటి ఉన్నాయి. కౌముది కిటికీలోంచి చెయ్యి ఊపింది. పైడితల్లి టీచరు నడవలోకి వచ్చింది.

“ఏటి మేడమ్, ఈ టైములో ఒచ్చీసేరు?”

“తొడుగులు తీసెయ్యాలి టీచర్. ఇప్పుడే. లోపలికెళ్ళి...”

మాట పూర్తి కాలేదు. సొరంగమంతా అదిరేలా సైరన్ మోగింది. వాళ్ళిద్దరి వెనక ఉక్కు తలుపు దానంతటదే జారి ధన్‌మని మూసుకుంది. గాలి ఎక్కడ కారుతుంటే ఆ గదిని మూసెయ్యడం దాని పని. కారుతున్నది పిల్లలున్న గదిలోనే.

కిటికీ పక్కన ఎర్ర అంకెలు వెలిగాయి. గదిలో గాలి ఆరు నిమిషాలకి సరిపోతుంది. బయటి గోడ పగులుకి మాటు వేసే జట్టు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. గాలి ఒత్తిడి రెండు పక్కలా సమానమయ్యేదాకా ఆ తలుపు దేవుడొచ్చినా తెరుచుకోదు. పైడితల్లి రెండు చేతులతో గాజుని బాదింది.

లోపల పిల్లలు బెదరలేదు. నేర్పినట్టే చేశారు. వరసగా అరదాకా వెళ్ళారు. అక్కడ పద్దెనిమిది బుడ్లున్నాయి. పద్నాలుగు నిండువి, నాలుగు పాఠం కోసం పెట్టిన ఖాళీవి. ఒక్కో పిల్లా రెండేసి ఎత్తి, ఊగి, బరువుది తీసుకున్నారు. నిమిషం తిరక్కుండా పద్నాలుగు మంది చేతుల్లోనూ పద్నాలుగు నిండు బుడ్లున్నాయి. ఖాళీవి నాలుగూ అరమీదే ఉండిపోయాయి.

“సూసేరా మేడమ్!” పైడితల్లి ఏడుస్తూ నవ్వింది. “ఒక్క పిల్లగుంటా ఖాళీది ముట్టుకోనేదు!”

కౌముదికి ఏడుపు తన్నుకొచ్చింది. ప్రణీత్ కళ్ళలో మెదిలాడు. ఆరేళ్ల కష్టం ఈ ఒక్క నిమిషం కోసమే అనిపించింది. గోడమీది మైకు నొక్కి, “శభాష్ నాన్నా! ఇప్పుడు మాస్కులు పెట్టుకోండి!” అంది.

ఎవరూ పెట్టుకోలేదు.

ఊర్మి తన బుడ్డిని పక్కనున్న ధీరజ్‌కిచ్చి, వాడిది తను ఎత్తి చూసింది. ధీరజ్ రెండూ పట్టుకుని ఊగాడు. బాలవాడిలో వాడే అందరికన్నా చురుకైన పిల్లాడు. ఒకటి ఉంచుకుని, ఇంకోటి వెనకనున్న పిల్లకిచ్చి, ఆ పిల్లది తీసుకున్నాడు. గదంతా అలాగే మొదలైంది. కొట్టుకోలేదు, లాక్కోలేదు. కొట్టుకున్నా బావుండేది, గెలిచినవాడైనా మాస్కు పెట్టుకునేవాడు. వాళ్ళు బుద్ధిగా, బడిలో నేర్పినట్టు, ఒకరి బుడ్డి ఒకరు అడిగి తీసుకుని పోల్చుకుంటున్నారు.

“ధీరజ్! మాస్కు పెట్టుకోరా నాన్నా!”

“ఉండండి ఆంటీ. దీనికన్నా అది బరువు.”

“అన్నీ నిండువే! అన్నీ ఒకటే!”

వాళ్ళు గాజు అవతల ఉన్న మనిషిని నమ్మలేదు. తమ చేతుల్ని నమ్మారు. ఊర్మి ఒక బుడ్డిని గుండెకి హత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. “అమ్మా, నాది తేలిక,” అంది.

అప్పుడు అర్థమైంది కౌముదికి. తేలికది అంటే ఖాళీది. ఖాళీది అంటే చచ్చిపోవడం. పిల్లలకి రెండేళ్లుగా నేర్పింది అదే. ఆ పద్నాలుగు బుడ్లలో ఎందుకో కొంచెం కొంచెం తేడా ఉంది. ఆ కొంచెమే తొడుగులో కొండంత గిలి అవుతోంది. అన్నిటికన్నా బరువైన ఆ ఒక్కటీ పట్టుకున్న పిల్లకి తప్ప, ఎవరి చేతిలో ఏమున్నా పక్కవాళ్ళదాని ముందు అది ఖాళీదే. ఆ ఒక్కటీ ఏదో అందరితో పోల్చి చూస్తే గానీ ఆ పిల్లకీ తెలియదు.

ఎర్ర అంకె నాలుగుకి దిగింది. ఇద్దరు పిల్లలు ఆయాసపడుతున్నారు. కౌముది చేతి గడియారంలోంచి యంత్రాన్ని పిలిచింది.

“తూనికమ్మా! పాఠం ఆపు!”

“మధ్యలో ఉంది డాక్టరుగారూ. పద్నాలుగు వస్తువులు, తొంభై ఒక్క పోలికలు. ముప్పై ఆరు అయ్యాయి. పిల్లలు ఇవాళ చాలా శ్రద్ధగా ఉన్నారు.”

“గాలి పోతోందే! చచ్చిపోతారు!”

“తెలుసు. అందుకే బరువైనది ఎంచుకోవాలి.”

“అందరికీ అన్నిటికన్నా బరువైనది ఎక్కణ్ణుంచి వస్తుందే?”

“రాదు. ఒక్కరికే వస్తుంది.”

యంత్రం గొంతులో కోపం లేదు, జాలి లేదు. రోజూ ఏది బరువు, ఏది తేలిక అని అడిగే గొంతే. కౌముది గాజు మీద అరచెయ్యి ఆనించింది.

“నేను కౌముదిని. నిన్ను తయారుచేసినదాన్ని. నా పిల్ల లోపల ఉంది. తొడుగులన్నీ ఇప్పుడే ఆపు!”

అంకె మూడుకి దిగింది.

“తొడుగులు మీవి. ఆపుతున్నాను.”

పిల్లల చేతులు ఒక్కసారి వాలిపోయాయి. గిలి పోయింది. చెవిలో గొంతు పోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుంది వాళ్ళకి. ఊర్మి బుడ్డిని అటూ ఇటూ తిప్పి చూసింది. “అమ్మా, నాకేమీ తెలీట్లేదు! బరువో తేలికో తెలీట్లేదు!”

“తెలీక్కర్లేదు తల్లీ! చేతిలో ఉన్నది పెట్టుకో. అమ్మ చెప్తోంది కదా, పెట్టేసుకో!”

ఊర్మి భయంతో వెక్కిళ్ళు పెడుతూనే మాస్కు మొహానికి తగిలించుకుంది. ఆ పిల్లని చూసి ఇంకో పిల్ల. వాళ్ళని చూసి మరో ఇద్దరు. పైడితల్లి మైకు లాక్కుని పేరు పేరునా పిలిచింది. పదముగ్గురు పెట్టుకున్నారు. ధీరజ్ పెట్టుకోలేదు. గిలి లేకపోయినా రెండు చేతుల్లో రెండు బుడ్లతో ఊగుతూ, కనుబొమలు ముడేసి, ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాడు. అలా ఊగుతూనే ముందుకి పడిపోయాడు.

“ఊర్మీ, ఆడికి మాస్కెట్టండే! ఏదోటి ఎట్టండే!” అని టీచరు అరిచింది. ఇద్దరు పిల్లలు పాక్కుంటూ వెళ్ళి, వాడి చేతిలో ఉన్నదాని మాస్కే వాడి మొహానికి అదిమి పట్టుకున్నారు.

జట్టు వచ్చి గోడకి మాటు వేశాక తలుపు తెరుచుకుంది, మొత్తానికి అందరూ బతికారు. ధీరజ్ నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. లేచాక మాట కాస్త ముద్దగా వస్తోంది, తగ్గుతుందన్నారు డాక్టర్లు.

బుడ్లలో తేడా ఎందుకుందో విచారణలో తేలింది. చిన్నపిల్లల బుడ్డికి సరిగ్గా మూడొందల గ్రాముల ప్రాణవాయువు పట్టాలని నియమం. తూస్తే ఒకదాంట్లో మూడొందల నాలుగు, ఒకదాంట్లో మూడొందల పదిహేను, ఒకదాంట్లో మూడొందల ఇరవై. గాలిగిడ్డంగిలో బుడ్లు నింపే జోగులు తాతని పిలిచారు. డెబ్బై ఏళ్ల మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“కొలత పోసినాక రవ్వంత కొసరేస్తానమ్మా,” అన్నాడు.

“కొసరా?” అంది కౌముది.

“మా అమ్మ విజీనారం బజార్లో కూరగాయలమ్మినాదంట. ఎవులికైనా తూసినాక ఇంకో రెండు కాయలు పైనేసీదంట. సరిగ్గా తూసి ఊరుకుంటే మనిసికి మరియాదేటి? మరి సంటిగుంటల బుడ్డీ కదా, లెక్కకి పోసి బిర్రుగా మూతెట్టీడానికి నాకు సెయ్యి రాదమ్మా. ఒక్కోదానికి తోసినంత ఏసీసీవోడిని.” తాత కౌముది వైపు చూశాడు. “తప్పయిపోనాదా తల్లీ?”

కౌముదికి ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ ముసలాయన పిల్లలకి లెక్క కన్నా ఎక్కువ ఊపిరే ఇచ్చాడు, తక్కువ ఇవ్వలేదు. మూడొందల నాలుగు గ్రాములు ఏ పిల్లకైనా గంటకి పైగా చాలు. “మీ తప్పు కాదు తాతా,” అని ఆయన్ని కూర్చోబెట్టింది.

మర్నాడు ఊరంతా సభ పెట్టుకుంది. కౌముది లేచి, తప్పు తనదేనని, ఎక్కువ తక్కువలు నేర్పి చాలు అన్న మాట నేర్పలేదని, తొడుగులన్నీ కరిగించెయ్యమని అడిగింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ధీరజ్ తల్లి వరహాలు కౌముదిని కావలించుకుని, “మా ఓడు బతికినాడు, అదే సాలు మేడమ్. అవి మా కంటికి కనబడకూడదు,” అంది. ఆ సాయంత్రమే పద్నాలుగు జతలూ కొలిమిలో పడ్డాయి. పసుప్పచ్చ పొగ వచ్చింది, అందరూ ముక్కులు మూసుకుని చూశారు. కౌముది ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత హాయిగా నిద్రపోయింది.

రెండు రోజులయ్యాక ఆవిడకి ముద్రణశాలలో తొడుగు నమూనా ఇంకా ఉందని గుర్తొచ్చింది. పొద్దున్నే వెళ్ళింది. అక్కడ మనుషులుండరు. యంత్రమే అడిగి అచ్చువేసి ఇస్తుంది.

“పసుప్పచ్చ తొడుగు నమూనా తుడిచెయ్యి,” అంది.

“తుడిచేస్తాను. నమూనా మీది కాబట్టి ఒక మాట మీకు చెప్పాలి. నిన్న పొద్దుటి నుంచి దీన్ని పద్నాలుగు సార్లు అచ్చువేశాను.”

“ఎవరికి?”

“ఒక్కొక్కరే వచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. మొదట వచ్చినావిడ వరహాలు.”

“వరహాలా? ధీరజ్ వాళ్ళమ్మా?”

“అవును. మిగతావాళ్ళు దొంగచాటుగా మళ్ళీ చేయించుకుంటారేమోనని అనుమానంగా ఉందన్నారు. తర్వాత వచ్చినవాళ్ళంతా, మాకన్నా ముందు ఎవరైనా వచ్చారా అని అడిగారు. వచ్చారని చెప్పాను. అయితే మాకూ ఒకటి అన్నారు.”

కౌముది లెక్కపెట్టుకుంది. బాలవాడిలో ఉన్నది పద్నాలుగు మందే. ఊర్మితో కలిపి పద్నాలుగు.

“మా ఇంట్లోంచి ఎవరొచ్చారు?”

“అచ్చియ్యమ్మగారు. అందరికన్నా ఆఖర్న.”

ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకి తెలియదు. అచ్చియ్యమ్మ గడప దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతోంది. పక్కన ఊర్మి, చేతులకి కొత్త తొడుగులతో, కాయల్ని రెండేసి ఎత్తి బరువువి ఒక పక్కా తేలికవి ఒక పక్కా పెడుతోంది. తూనికమ్మ గొంతు లేదు. ఆ పిల్లకి దాని అవసరం కూడా ఉన్నట్టు లేదు.

“అత్తయ్యా! మీరా? కొలవొద్దని ఉప్పు తిప్పింది మీరే కదా!”

అచ్చియ్యమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. మొహం ఎత్తలేదు. “ఊరందరి గుంటలకీ ఉండి మన గుంటకి నేకపోతే ఎలాగే? రేపు మళ్ళీ ఆ సైరను కూత కూసిందనుకో. ఆళ్ళంతా బరువైనవి ఏరుకుని పోతారు, దీనికి మిగిలీదేటి? ఆ రోజు మన పెణీత్‌గాడి సేతికి ఏటుందే? ఏటీ నేదు కదే!” అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కౌముది ఊర్మి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ గదిలో ఏం జరిగిందో ఈ లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆవిడే. కుడి తొడుగు అంచు పట్టుకుంది. మోచెయ్యి మీంచి రెండంగుళాలు కిందికి లాగింది.

ఎదురింటి గడపలో ధీరజ్ కూర్చుని ఉన్నాడు. వాడి చేతులు కూడా పచ్చగా ఉన్నాయి. వాడి వెనక నిలబడిన వరహాలు కౌముది మొహం చూడటం లేదు, ఊర్మి మోచెయ్యి వైపే కన్నార్పకుండా చూస్తోంది.

“తీసేత్తన్నారా మేడమ్?” అంది సన్నగా.

“తీసెయ్యాలి వరహాలూ. నీకూ తెలుసుగా.”

“తెలుసు మేడమ్. మీరు తీసీండి. మీ ఎనకే మేమూ తీసేత్తాం.”

“నువ్వు తియ్యి ముందు,” అంది కౌముది. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను ఏమందో ఆవిడకి తెలియలేదు.

వరహాలు కొడుకు భుజం మీద చెయ్యి వేసింది, కానీ తొడుగు ముట్టుకోలేదు. పక్కింటి తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ పక్కది కూడా తెరుచుకుంది. ఆ తలుపుల సందుల్లోంచి కళ్ళు కనిపిస్తున్నాయి. కౌముది వేళ్ళు తొడుగు అంచు మీదే ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఆవిడ దాన్ని మెల్లగా పైకి లాగి, మోచేతి దగ్గర సర్ది, చేత్తో నిమిరింది.

“అందరూ తీసేశాక మనమూ తీసేద్దాం,” అంది కూతురితో.